లాడ్జి టీవీల్లోని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: సోర్స్ కోడ్ అడిగే హక్కు కొన్నవారికి ఉందా?

ప్రశ్న: అలిపిరి వాసి, తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతి బస్టాండుకు దగ్గరలో మా కుటుంబం ఒక లాడ్జి నడుపుతోంది. 2022లో గదులన్నింటికీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్ స్మార్ట్ టీవీలు ఒక్కసారిగా కొన్నాము. టీవీ వేయగానే తెర మీద సగానికి పైగా సినిమా పోస్టర్లు, ఓటీటీ ప్రకటనలే కనిపిస్తాయి. మా దగ్గర దిగేవారిలో ఎక్కువమంది స్వామి దర్శనానికి వచ్చే కుటుంబాలు, పెద్ద వయసువారు. వారికి కావలసింది ఎస్వీబీసీ, వార్తలు, ఒకటి రెండు తమిళ, కన్నడ ఛానళ్లు. ఆ పోస్టర్లు దాటి ఛానల్ దాకా ఎలా వెళ్లాలో తెలియక రిసెప్షన్‌కు ఫోన్ చేస్తుంటారు. కొన్ని పోస్టర్లు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూసేవి కావని చెప్పి వెళ్లినవారూ ఉన్నారు.

ఈ ప్రకటనలను ఆపే మార్గం సెట్టింగ్స్‌లో వెతుకుతుండగా చట్టపరమైన సమాచారం అనే పేజీ కనిపించింది. అందులో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్ (జీపీఎల్) పూర్తి పాఠం, లినక్స్ కెర్నెల్, బిజీబాక్స్ వంటి పేర్ల జాబితా, ఈ భాగాల సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం) కావలసినవారు ఫలానా చిరునామాకు రాయవచ్చుననే వాక్యం ఉన్నాయి. ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు దాన్ని చూసి, కోడ్ చేతికి వస్తే హోమ్ స్క్రీన్ తీసేసి టీవీ వేయగానే నేరుగా ఛానల్ వచ్చేలా చేయవచ్చునన్నాడు. ఆ చిరునామాకు మెయిల్ పంపితే, టీవీలోని సాఫ్ట్‌వేర్ మొత్తం తమ సంస్థ మేధోసంపత్తి అని, బయటివారికి ఇవ్వడం కుదరదని కస్టమర్ కేర్ నుంచి జవాబు వచ్చింది.

టీవీలోనే రాసి పెట్టిన మాటను కంపెనీ ఇలా తోసిపుచ్చవచ్చునా? ఒకవేళ కోడ్ ఇచ్చినా మేము అనుకున్న మార్పు సాధ్యమవుతుందా? ఇవ్వకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: ఏర్పేడు ఇంజినీరు

అలిపిరి వాసి గారూ, నేను ఏర్పేడు మండలంలోని ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్‌లో ఒక యూనిట్‌లో ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఎక్కించి ఉండే సాఫ్ట్‌వేర్) పని చేస్తున్నాను. మీకు వచ్చిన జవాబు తప్పు. అయితే మీ మేనల్లుడి ఆశ కూడా ఆ కోడ్‌తో తీరేది కాదు. ఈ రెండింటికీ కారణం ఒకటే: ఒక టీవీలోని సాఫ్ట్‌వేర్ అంతా ఒకే లైసెన్సు కింద ఉండదు.

టీవీకి కరెంటు అందగానే ముందు పనిచేసేది బూట్‌లోడర్. చాలా బోర్డుల్లో ఇది యూ-బూట్ అనే ప్రోగ్రామ్, జీపీఎల్ రెండవ వెర్షన్ కింద ఉంటుంది. అది లినక్స్ కెర్నెల్‌ను, అంటే టీవీ హార్డ్‌వేర్‌ను నడిపించే మూల ప్రోగ్రామ్‌ను, లేపుతుంది. కెర్నెల్ లైసెన్సు కూడా జీపీఎల్ రెండవ వెర్షనే, అది కూడా ఆ వెర్షన్‌కు మాత్రమే పరిమితం. మీ జాబితాలో ఉన్న బిజీబాక్స్ (లినక్స్‌లో తరచు అవసరమయ్యే చిన్న సాధనాల మూట) కూడా ఇదే కోవలోనిది. వీటి మీద ఆండ్రాయిడ్ వ్యవస్థ ఉంటుంది. దానిలో అధికభాగం అపాచీ లైసెన్సు కిందిది. అపాచీ లైసెన్సు కింద తీసుకున్న కోడ్‌ను మార్చి అమ్మేవారు ఆ మార్పులను బయటపెట్టనక్కరలేదు, లైసెన్సు పాఠాన్నీ హక్కుదారుల ప్రకటనలనూ జతచేస్తే చాలు. అన్నింటికీ పైన, మీకు చిరాకు కలిగిస్తున్న హోమ్ స్క్రీన్ ఉంటుంది. సాంకేతికంగా అది ఒక మామూలు యాప్, కంపెనీదో దానికి ప్రకటనలు సమకూర్చే సంస్థదో సొంత ఆస్తి. కెర్నెల్ మీద నడుస్తోంది కదా, దానికి కూడా జీపీఎల్ వర్తించదా అని మీ మేనల్లుడు అడగవచ్చు. వర్తించదు. మామూలు సిస్టమ్ కాల్స్ (కెర్నెల్‌ను పని అడిగే పిలుపులు) ద్వారా కెర్నెల్ సేవలను వాడుకునే ప్రోగ్రాములకు తమ లైసెన్సు అంటదని లినక్స్ కెర్నెల్ లైసెన్సు ఫైల్‌లోనే స్పష్టంగా రాసి ఉంది.

కాబట్టి మీరు అడగగలిగింది కెర్నెల్, బూట్‌లోడర్, బిజీబాక్స్ వంటి జీపీఎల్ భాగాల సోర్స్ కోడ్. దాని విషయంలో కంపెనీకి తప్పించుకునే దారి లేదు. రెండవ వెర్షన్‌లోని మూడవ నిబంధన ప్రకారం, ప్రోగ్రామ్‌ను అమలుకు సిద్ధమైన రూపంలో పంచేవారు దానితోపాటే పూర్తి సోర్స్ కోడ్ ఇవ్వాలి, లేదా కనీసం మూడేళ్లపాటు చెల్లే లిఖితపూర్వక హామీ ఇవ్వాలి. మీ టీవీలో కనిపించిన వాక్యం ఆ హామీయే. కోడ్ ఇచ్చేటప్పుడు దాన్ని చేరవేయడానికి అయిన ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. పూర్తి సోర్స్ కోడ్ అంటే ఏమిటో కూడా అదే నిబంధన చెబుతోంది: అన్ని మాడ్యూళ్ల కోడ్, ఇంటర్‌ఫేస్ నిర్వచన ఫైళ్లు, ఆ కోడ్‌ను కంపైల్ చేయడానికీ (నడిచే రూపంలోకి మార్చడానికీ) ఇన్‌స్టాల్ చేయడానికీ వాడిన స్క్రిప్టులు.

ఆ చివరి మాట దగ్గరే చాలా కంపెనీలు దొరికిపోతాయి. అడగగా అడగగా ఒక జిప్ ఫైల్ పంపుతారు. తెరిచి చూస్తే ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరికే లినక్స్ మూలప్రతి తప్ప, ఆ టీవీ బోర్డుకు తగిన కాన్ఫిగరేషన్ ఫైల్ గానీ, డివైస్ ట్రీ (బోర్డులోని భాగాల వివరాల ఫైల్) గానీ, చిప్ తయారీదారు చేసిన మార్పులు గానీ ఉండవు. అది కంపైల్ అవుతుంది, కానీ మీ టీవీ మీద ఎన్నటికీ నడవదు. కోడ్ వస్తే ముందుగా టీవీ సమాచారం పేజీలో చూపే కెర్నెల్ వెర్షన్ అంకె, వచ్చిన ఫైళ్లలోని అంకె ఒకటేనో కాదో చూడమని మీ మేనల్లుడికి చెప్పండి.

ఇవన్నీ సరిగ్గా వచ్చినా ఇంకో అడ్డంకి ఉంది. ఇప్పటి టీవీల్లో బూట్‌లోడర్ తాళం వేసి ఉంటుంది. కంపెనీ డిజిటల్ సంతకం లేని కెర్నెల్‌ను అది నడపనివ్వదు. అమెరికాలో టీవో అనే రికార్డర్ ఇదే పద్ధతి పాటించింది: కోడ్ ఇచ్చింది, మార్చిన కోడ్‌ను మాత్రం పెట్టెలో నడవనివ్వలేదు. దానికి విరుగుడుగా 2007 జూన్‌లో వచ్చిన జీపీఎల్ మూడవ వెర్షన్‌లో, ఇంటివాడకపు వస్తువుల విషయంలో మార్చిన కోడ్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవడానికి కావలసిన సమాచారం, అవసరమైతే తాళంచెవులతో సహా, ఇవ్వాలనే నియమం చేర్చారు. కానీ లినక్స్ కెర్నెల్ రెండవ వెర్షన్‌లోనే ఉండిపోయింది. రెండవ వెర్షన్‌లోని ఇన్‌స్టాల్ స్క్రిప్టులనే మాట తాళంచెవులను కూడా కోరుతుందని వాదించేవారు ఉన్నారు. నా మట్టుకు నేను ఆ వాదనను నమ్ముకుని ఒక టీవీని విప్పడం మొదలుపెట్టను.

అయితే కోడ్ అడగడం వృథా శ్రమ అని నా ఉద్దేశం కాదు. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రౌటర్‌లో లినక్స్ ఉన్నట్టు కొన్నవారే కనిపెట్టి, కోడ్ కోసం పట్టుబట్టి, చివరికి సాధించారు. ఆ కోడ్ పునాది మీద 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు మొదలైంది. తయారీదారులు అప్‌డేట్లు ఆపేసిన ఎన్నో రౌటర్లను అది ఈనాటికీ పనికివచ్చేలా చేస్తోంది. మీ లాడ్జిలో పాత రౌటర్లు ఉంటే, వాటి మోడల్ ఆ ప్రాజెక్టు జాబితాలో ఉందేమో చూడండి. టీవీల కంటే అక్కడ మీకు దక్కే ఫలితం ఎక్కువ.

జవాబు: చిత్తూరు న్యాయవాది

ఇంజినీరు గారు లైసెన్సును చక్కగా వివరించారు. ఫిర్యాదు ఎవరు, ఎక్కడ చేయగలరనే సంగతి నేను చెబుతాను. ఇక్కడ రెండు చట్టాలను విడివిడిగా చూడాలి.

మొదటిది 1957 నాటి కాపీరైట్ చట్టం. దాని ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒక సాహిత్య రచన. హక్కుదారు అనుమతి లేకుండా దాని ప్రతులు తీయడం, అమ్మడం ఉల్లంఘన. జీపీఎల్ అనేది షరతులతో కూడిన అనుమతి. షరతు తప్పితే అనుమతి దానంతట అదే రద్దవుతుందని రెండవ వెర్షన్ నాలుగవ నిబంధన చెబుతోంది. అప్పుడు కంపెనీ అమ్మే ప్రతి టీవీ అనుమతి లేని ప్రతి అవుతుంది. ఇది బలమైన ఆయుధమే, కానీ దాన్ని ఎత్తే అర్హత ఆ కోడ్ రాసిన హక్కుదారుకు ఉంటుంది తప్ప టీవీ కొన్నవారికి ఉండదు. 2004లో మ్యూనిక్ కోర్టులో జీపీఎల్ చెల్లుతుందనే ఆదేశాన్ని సాధించిన హెరాల్డ్ వెల్టె, కెర్నెల్‌లో నెట్‌వర్క్ రాకపోకలను వడకట్టే నెట్‌ఫిల్టర్ భాగాన్ని రాసినవారిలో ఒకరు. అమెరికాలో 2007 నుంచి వరుసగా వచ్చిన దావాలను వేసింది కూడా బిజీబాక్స్ రచయితలే. వాటిలో ఒకదానిలో 2010లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు వెస్టింగ్‌హౌస్ డిజిటల్ అనే టీవీల సంస్థ అమ్మకాలను నిలిపివేసి, 90,000 డాలర్ల నష్టపరిహారం విధించింది.

కొన్నవారే దావా వేయవచ్చునా అనే ప్రశ్న సూటిగా లేచింది కాలిఫోర్నియాలో. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ విజియో కంపెనీ టీవీలు కొని, కోడ్ అందక, 2021 అక్టోబరులో ఆరెంజ్ కౌంటీ కోర్టుకు వెళ్లింది. కాపీరైట్ హక్కుదారుగా కాదు, కొనుగోలుదారుగా వెళ్లింది. జీపీఎల్ అనేది రచయితకూ కంపెనీకీ మధ్య ఒప్పందమనీ, దాని ఫలం కొన్నవారికి చేరాలన్నది ఆ ఒప్పందం ఉద్దేశమే కనుక మూడవ పక్షమైన కొనుగోలుదారు కూడా దాన్ని అమలుచేయమని కోరవచ్చుననీ వాదించింది. విచారణ లేకుండానే దావాను కొట్టివేయాలన్న విజియో అభ్యర్థనను 2023 డిసెంబరులో ఆ కోర్టు తిరస్కరించింది.

ఆ వాదనను అలాగే ఎత్తి మన కోర్టులో పెడితే నిలవడం కష్టం. ఒప్పందంలో భాగస్వామి కానివారు దాని మీద దావా వేయలేరనే సూత్రాన్ని సుప్రీంకోర్టు 1969లో ఎం.సి. చాకో కేసులో గట్టిపరచింది. ట్రస్టు, కుటుంబ ఏర్పాటు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. కానీ మీ విషయంలో ఇంకో కోణం ఉంది, నాకు అదే బలమైనదిగా తోస్తోంది: కోడ్ ఇస్తామనే హామీ మీ టీవీ తెర మీద, కంపెనీ మాటగా, కొన్నవారినే ఉద్దేశించి ఉంది. అది రచయితకూ కంపెనీకీ మధ్య ఎక్కడో జరిగిన ఒప్పందం కాదు, వస్తువుతోపాటు అమ్మకందారు మీకు ఇచ్చిన మాట.

ఇక రెండవ చట్టం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. వస్తువుతోపాటు ఇచ్చిన హామీని నెరవేర్చకపోవడాన్ని సేవాలోపంగా, అనుచిత వ్యాపార పద్ధతిగా చూపి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసే ఆస్కారం ఉంది. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటే ఫిర్యాదు వేయవచ్చునని 34వ సెక్షన్ చెబుతోంది కనుక మీకు తిరుపతిలోనే సరిపోతుంది. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. కంపెనీ నిరాకరించిన తేదీనే ఆ కారణంగా చూపవచ్చు కనుక ఆ మెయిల్‌ను భద్రపరచండి.

అయితే ఈ చట్టం ముందు మీరు వినియోగదారేనా అనే ప్రశ్నను కంపెనీ వకీలు మొట్టమొదటే లేవనెత్తుతారు. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారు కాదని రెండవ సెక్షన్‌లోని నిర్వచనం చెబుతోంది. స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొన్నవారికి మినహాయింపు ఉంది, కానీ పనివారిని పెట్టుకుని నడిపే లాడ్జికి ఆ మినహాయింపు దొరకడం కష్టం. 2019లో లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు, కొనుగోలు వెనుక ప్రధాన ఉద్దేశం లాభార్జనతో నేరుగా ముడిపడి ఉందా అని చూడాలన్నది. అక్కడ ఆసుపత్రి నర్సుల వసతికి కొన్న ఫ్లాట్ల మాట కనుక ఆ ట్రస్టు వినియోగదారేనని తేల్చింది. గదిలోని టీవీకి గది అద్దెతో సంబంధం అంతకంటే దగ్గరిది, కాబట్టి ఆ తీర్పు మీకు ఏ మేరకు ఉపకరిస్తుందో వాదనలో తేలవలసిందే.

ఇక్కడొక విచిత్రం చూడండి. జీపీఎల్ మూడవ వెర్షన్ కూడా వినియోగదారు వస్తువు అంటే ఏమిటో నిర్వచించింది, కానీ అది కొన్న మనిషిని చూడదు, వస్తువు తరగతిని చూస్తుంది. ఆ రకం వస్తువును సాధారణంగా ఇళ్లలో వాడతారా అన్నదే అక్కడ ప్రశ్న. కొన్నది లాడ్జీయా, ఆసుపత్రా అన్నది లెక్కలోకి రాదు, సందేహం వస్తే వినియోగదారు వైపే తేల్చాలని కూడా రాశారు. ఒకే టీవీ, ఒకే గది. లైసెన్సు దృష్టిలో అది ఇంటి వస్తువు, మన చట్టం దృష్టిలో వ్యాపార సామగ్రి. అందుకే నా సలహా ఏమిటంటే, అదే కంపెనీ టీవీ మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉంటే, ఆ బిల్లు మీద, ఆ ఇంటివారి పేరుతో కోడ్ అడగండి. నిరాకరిస్తే ఫిర్యాదు కూడా ఆ పేరుతోనే వేయండి.

జవాబు: పుత్తూరు వ్యాపారి

పెద్దలు చెప్పినదంతా చదివాను. రెండవ వైపు కూడా ఒకరు చెప్పాలి కదా. నేను చిన్న స్థాయిలో ఆండ్రాయిడ్ బాక్సులు తెప్పించి, మా సొంత పేరు ముద్రించి చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముతాను. బోర్డు చైనాలోని షెన్‌జెన్ నుంచి వస్తుంది. దాని తయారీదారుకు చిప్ కంపెనీ సాఫ్ట్‌వేర్ కిట్ ఇస్తుంది, ఆ కిట్‌ను ఎవరికీ చూపకూడదని ఒప్పందం రాయించుకుంటుంది. నా చేతికి వచ్చేది పెట్టెలో ఎక్కించిన ఫర్మ్‌వేర్ మాత్రమే. రేపు ఎవరైనా నన్ను సోర్స్ కోడ్ అడిగితే నేను ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వగలను? తయారీదారు ఇచ్చిన కాగితంలో కోడ్ కోసం తమకు రాయమని ఒక వాక్యం ఉంది. దాన్ని కొన్నవారికి అందిస్తే నా బాధ్యత తీరదా? ప్రోగ్రామింగ్ తెలియని వ్యాపారిని కోర్టుకు లాగడం ఏ న్యాయం?

జవాబు: ఏర్పేడు ఇంజినీరు

వ్యాపారి గారూ, ఈ రంగంలో అసలు చిక్కుముడి ఉన్నది మీరు చెప్పిన చోటే. టీవీ మీద పేరు ఒకరిది, బోర్డు ఇంకొకరిది, చిప్ మరొకరిది. అడిగినప్పుడు ప్రతివారూ పక్కవారిని చూపిస్తారు.

తయారీదారు కాగితాన్ని అందిస్తే సరిపోదు. మూడవ నిబంధనలో మీరు చెప్పిన పద్ధతికి చోటు ఉంది, కానీ అది లాభాపేక్ష లేకుండా పంచేవారికి మాత్రమే అని అక్కడే రాశారు. మీరు డబ్బుకు అమ్ముతున్నారు కనుక హామీ మీ పేరు మీదే ఉండాలి. చిప్ కంపెనీతో ఉన్న గోప్యతా ఒప్పందం అడ్డువస్తోందనే సాకుకు ఏడవ నిబంధన ముందే జవాబిచ్చింది: వేరే కట్టుబాటు వల్ల లైసెన్సును పాటించలేకపోతే ఆ ప్రోగ్రామ్‌ను అసలు పంచనే కూడదు. ఇది కాగితం మీది బెదిరింపు కాదు. 2009లో బిజీబాక్స్ రచయితలు అమెరికాలో పద్నాలుగు సంస్థల మీద ఒకేసారి వేసిన దావాలో బెస్ట్ బై అనే దుకాణాల గొలుసు కూడా ఉంది. అది సాఫ్ట్‌వేర్ రాసే సంస్థ కాదు. వేరేవారు చేసిన బ్లూ-రే ప్లేయర్‌ను తన సొంత బ్రాండు పేరుతో అమ్మింది. మీ స్థితి కూడా అటువంటిదే, పరిమాణంలోనే తేడా.

పరిష్కారం మాత్రం అంత కష్టం కాదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే, డబ్బు చెల్లించక ముందే, ఫర్మ్‌వేర్‌తోపాటు జీపీఎల్ భాగాల పూర్తి సోర్స్ కోడ్ ఇవ్వాలని కొనుగోలు పత్రంలో రాయించండి. సరుకు చేరాక అడిగితే షెన్‌జెన్ నుంచి జవాబు రాదని మీకు నేను చెప్పనక్కరలేదు. గోప్యతా ఒప్పందం చిప్ కంపెనీ సొంత భాగాలకు వర్తించవచ్చునేమో గానీ, కెర్నెల్‌కు వర్తించదు. ఆ మాట తయారీదారుకూ తెలుసు. బిల్డ్‌రూట్ వంటి సాధనాలతో ఫర్మ్‌వేర్ తయారుచేసేవారికి, ఏ భాగం ఏ లైసెన్సు కిందిదో జాబితా వేసి, వాటి సోర్స్ ఫైళ్లను ఒకచోట చేర్చి ఇచ్చే ఆదేశం ఒకటే ఉంటుంది. ఈ పద్ధతులకు 2020లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది, దాన్ని ఓపెన్‌చైన్ అంటారు.

కోడ్ చేతికి వచ్చాక ఇంకో వెసులుబాటు ఉంది. మూడేళ్ల హామీ రాసి, అడిగినవారికి ఒక్కొక్కరికీ పంపే బదులు, బాక్సుతోపాటే ఒక పెన్‌డ్రైవ్‌లో కోడ్ పెట్టి ఇచ్చేస్తే మీ బాధ్యత ఆ అమ్మకంతోనే తీరిపోతుంది. చిన్న వ్యాపారికి ఇదే తేలిక అని నా అభిప్రాయం. మూడేళ్ల తరువాత ఆ ఫైళ్లు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయో వెతుక్కునే పని తప్పుతుంది.

కోర్టు భయం గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెండవ వెర్షన్ ప్రకారం షరతు తప్పగానే అనుమతి పోతుంది, తిరిగి వచ్చే దారి అందులో రాసి లేదు. దీన్ని ఆసరా చేసుకుని జర్మనీలో ఒక కెర్నెల్ ప్రోగ్రామర్ వరుసగా కంపెనీల నుంచి డబ్బు రాబట్టాడనే విమర్శ వచ్చింది, తోటి నెట్‌ఫిల్టర్ బృందమే 2016లో అతన్ని పక్కన పెట్టింది. ఆ అనుభవం తరువాత 2017 అక్టోబరులో చాలామంది కెర్నెల్ రచయితలు ఒక ప్రకటన చేశారు: మొదటిసారి తప్పు చేసినవారు నోటీసు అందిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే అనుమతిని పూర్తిగా పునరుద్ధరిస్తామన్నారు. మూడవ వెర్షన్‌లో ఉన్న సౌలభ్యాన్నే వారు రెండవ వెర్షన్‌కు స్వచ్ఛందంగా అన్వయించుకున్నారు. కాబట్టి అడిగినప్పుడు బదులిచ్చి, కోడ్ సమకూర్చే వ్యాపారికి భయపడవలసింది ఏమంతగా లేదు. భయపడవలసింది అలిపిరి వాసి గారికి వచ్చినటువంటి జవాబులు రాసేవారు.

జవాబు: తిలక్ రోడ్డు మెకానిక్

చట్టం సంగతి పెద్దలు చూసుకుంటారు, లాడ్జి టీవీల సంగతి నేను చెబుతాను సార్. చాలా మోడళ్లలో సర్వీస్ మెనూలో హోటల్ మోడ్ ఉంటుంది. టీవీ వేయగానే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ వచ్చేలా, శబ్దం ఒక హద్దు దాటకుండా, సెట్టింగ్స్ ఎవరూ మార్చకుండా అందులో పెట్టుకోవచ్చు. డీటీహెచ్ బాక్సును ఆ ఇన్‌పుట్‌కు కలిపితే హోమ్ స్క్రీన్ అసలు ఎదురుపడదు. టీవీకి వైఫై తీసేస్తే కొత్త ప్రకటనలు దిగే అవకాశమే ఉండదు. మీది గూగుల్ టీవీ అయితే ఇంటర్నెట్ లేకుండా మామూలు టీవీలా వాడుకునే ఏర్పాటు కూడా మొదటి సెటప్‌లోనే ఉంటుంది, దానికోసం ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. బూట్‌లోడర్ తాళం తీసే పని మాత్రం మేనల్లుడి చేత చేయించకండి. తాళం తీస్తే ఓటీటీ యాప్‌ల కాపీ రక్షణ స్థాయి పడిపోయి, బొమ్మ నాణ్యత తగ్గిపోయే ప్రమాదం ఉంది. వారంటీ కూడా పోతుంది.

తిరిగి అడిగినది: అలిపిరి వాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. హోటల్ మోడ్ మా టీవీలో ఉంది, ఒక గదిలో పెట్టి చూశాము. మా అవసరం దానితో తీరుతుంది. అయినా కోడ్ విషయం వదలకూడదని మేనల్లుడు పట్టుబడుతున్నాడు, నాకూ ఆ జవాబు మింగుడుపడలేదు. మా చెల్లెలి ఇంట్లో అదే కంపెనీ, అదే మోడల్ టీవీ ఉంది, దాన్ని కూడా మాతోపాటే 2022లో కొన్నారు. మూడేళ్ల హామీ అన్నారు కదా, ఆ గడువు ముగిసిపోయినట్టేనా? ఇంకొక మాట: మేనల్లుడు తాళం జోలికి వెళితే అది నేరమవుతుందా?

జవాబు: చిత్తూరు న్యాయవాది

గడువు ముగిసిందని కంపెనీ అనవచ్చు, కానీ దానికి మూడు జవాబులున్నాయి. కొన్న తరువాత టీవీకి ఇంటర్నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి ఉంటే, ఆ అప్‌డేట్‌తో కొత్త కెర్నెల్ ప్రతిని కంపెనీ మీకు మళ్లీ పంచినట్టు. ఆ ప్రతికి లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో చివరి అప్‌డేట్ తేదీ కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి. రెండవది, లైసెన్సు పాఠంలో ఆ హామీ కొన్నవారికే అని లేదు, ఏ మూడవ వ్యక్తికైనా అని ఉంది. అదే మోడల్‌ను అదే సాఫ్ట్‌వేర్‌తో తిరుపతి దుకాణాల్లో ఇంకా కొత్తగా అమ్ముతూ ఉంటే, ఆ అమ్మకాలతోపాటు వెలువడే హామీ ఇంకా బతికే ఉంటుంది, దాని ఆధారంగా మీ చెల్లెలు గారు కూడా అడగవచ్చు. మూడవది, జాబితాలో మూడవ వెర్షన్ కిందివి ఏవైనా ఉంటే వాటి హామీ మూడేళ్లతోనే ఆగదు: ఆ మోడల్‌కు విడిభాగాలు గానీ కస్టమర్ సేవలు గానీ అందిస్తున్నంతకాలం హామీ చెల్లాలని అక్కడ రాశారు.

తాళం విషయంలో, 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ రక్షణ ఏర్పాట్లను ఛేదించడాన్ని నేరం చేసింది గానీ, కాపీరైట్‌ను ఉల్లంఘించే ఉద్దేశంతో చేసినప్పుడే. జీపీఎల్ కోడ్‌ను సొంత టీవీలో మార్చుకోవడం ఆ ఉద్దేశం కిందికి రాదని నా అభిప్రాయం. అయినా మెకానిక్ గారు చెప్పిన వారంటీ, కాపీ రక్షణ నష్టాలు అలాగే ఉంటాయి.

ఇక ఉత్తరం. దీన్ని కస్టమర్ కేర్‌కు రాయకండి. రిజిస్టర్డ్ కార్యాలయం చిరునామాకు, కంపెనీ సెక్రటరీ పేరిట, స్పీడ్ పోస్టులో పంపండి. టీవీ మోడల్, సీరియల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, తెర మీది హామీ ఫోటో జతచేయండి. కెర్నెల్, బూట్‌లోడర్, బిజీబాక్స్ పేర్లు రాసి, వాటి పూర్తి సోర్స్ కోడ్, కాన్ఫిగరేషన్, బిల్డ్ స్క్రిప్టులతో సహా కావాలని, చేరవేసే ఖర్చు చెల్లించడానికి సిద్ధమని రాయండి. హోమ్ స్క్రీన్ మాట అందులో ఎత్తవద్దు. ఎత్తితే కంపెనీ ఆ ఒక్కదానికే బదులిచ్చి మిగతాది వదిలేస్తుంది. 30 రోజుల గడువు ఇవ్వండి. జవాబు ఏదైనా వస్తే, లేదా రాకపోయినా, పోస్టు రసీదుతో ఇక్కడ చెప్పండి, ఫిర్యాదు ముసాయిదా సంగతి అప్పుడు చూద్దాం.